ఊకొట్టడం కూడా పనే: పేషెంట్లతో మాట్లాడే ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్ళకి

టీబీ మాత్రలు మొదలుపెట్టిన ఒక పెద్దావిడ పది రోజులకే మానేసి ఇంట్లో కూర్చుంది. ఆశా వర్కర్ వెళ్ళి అడిగితే "వద్దు బిడ్డా, రక్తమంతా పోతాంది" అందట. అది రక్తం కాదు, టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులోనో ఎర్రగానో వస్తుంది, దాని వల్ల హాని ఏమీ లేదు. ఆ ముక్క ఆవిడకి చెప్పాల్సింది నేనే, చెప్పా కూడా, కానీ ఎలా చెప్పానంటే ఆరు నెలల కోర్సు, గుడ్డు పప్పు తినాలి, దగ్గేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవాలి, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తేవాలి, వీటన్నిటి మధ్యలో ఎక్కడో దొర్లించేశా. ఆవిడ ప్రతిదానికీ "సరే బిడ్డా, సరే బిడ్డా" అంది, నేనేమో అంతా అర్థమైపోయిందని రిజిస్టర్‌లో కౌన్సెలింగ్ డన్ అని రాసేసుకున్నా. ఆ సరేకి అసలు అర్థం నువ్వు చెప్పడం అయిపోతే నేను పన్నెండింటి బస్సు అందుకుంటానని.

నేను పుట్టి పెరిగింది గుంటూరు వైపు, ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం నల్గొండ, సూర్యాపేట చుట్టుపక్కలే, మొదట నర్సుగా, తర్వాత కౌన్సెలింగ్‌లో. కొత్తగా చేరిన సిస్టర్లు, ఏఎన్ఎంలు, ఆశాలు, సోషల్ వర్క్ చదివొచ్చిన పిల్లలు వచ్చి అడిగేది ఒకటే, "మేడం, వాళ్ళకి ఏం చెప్పాలి?" అని. ఏం చెప్పాలో పుస్తకంలో ఉంది, పోస్టర్లో ఉంది, ఫోన్లో ఉంది. మనం దెబ్బతినేదంతా చెప్పడానికి ముందు, అవతలి మనిషి దేనికి భయపడుతున్నారో తెలుసుకోకుండానే నోరు తెరిచేయడం దగ్గర. అందుకే ఇందులో ఎక్కువ భాగం వినడం గురించే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు కుర్చీ, తర్వాత పిలుపు

మంచం పక్కన నిలబడి, ఒక చేత్తో ఫైల్ పట్టుకుని, కళ్ళు పక్క బెడ్ సెలైన్ మీద పెట్టి మాట్లాడితే అవతలి వాళ్ళు అసలు విషయం చెప్పరు. స్టూల్ లాక్కుని కూర్చోండి, లేదంటే అడిగి మంచం అంచున కూర్చోండి. 2012లో అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ హాస్పిటల్లో వెన్నెముక ఆపరేషన్ అయిన వాళ్ళ దగ్గర దీన్ని పరీక్షించారు, డాక్టర్ కూర్చున్నా నిలబడినా గడిపిన టైం పెద్ద తేడా లేదు, కానీ కూర్చుని మాట్లాడినప్పుడు పేషెంట్లు ఆయన చాలాసేపు ఉన్నాడని చెప్పారు. మనకి పైసా ఖర్చు లేదు, నిమిషం కూడా ఎక్కువ పట్టదు.

తర్వాత పిలుపు. "పదిహేడో బెడ్", "ఆ డెలివరీ కేసు", "ఏయ్ ముసలమ్మా జరుగు", ఇవి మన వార్డుల్లో రోజూ వినేవే. ఒకసారి పేరు అడగండి, మన పేరు కూడా చెప్పండి, ఆ తర్వాత వరస కలపండి. గుంటూరు వైపు బాబాయ్ గారూ, పిన్నిగారూ అంటే ముఖం విచ్చుకుంటుంది, ఇటు పెద్దమ్మా, తాతా, అన్నా అంటే సరిపోతుంది. నువ్వు, మీరు సంగతి మాత్రం జాగ్రత్త. ఇక్కడికొచ్చిన కొత్తలో కూలికెళ్ళే అమ్మాయి కూడా నన్ను నువ్వు అంటుంటే నాకు లోపల చురుక్కుమనేది, అది చనువని అర్థం కావడానికి టైం పట్టింది. కానీ మన వైపు నుంచి మీరుతోనే మొదలుపెట్టాలి, ఆవిడే "నన్ను మీరనుడు ఏంది బిడ్డా" అంటే అప్పుడు దిగొచ్చు. ప్యాంటు చొక్కా వేసుకున్న వాళ్ళకి మీరు, లుంగీ కట్టుకున్న వాళ్ళకి నువ్వు అనే అలవాటు మనలో చాలామందికి తెలియకుండానే ఉంటుంది, ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిమ్మల్ని మీరు గమనించుకోండి, మీకే సిగ్గేస్తుంది, నాకైతే వేసింది.

రెండు నిమిషాలు

చిన్నప్పుడు నాయనమ్మ కథ చెప్తుంటే మనం ఊకొట్టాలి, ఊకొట్టడం ఆపితే "ఏమే నిద్రపోయావా" అని కథ ఆపేసేది. పేషెంటు కూడా అంతే. మనం ఊఁ, ఆఁ, అలాగా, తర్వాత, అని అంటున్నంతసేపు కథ నడుస్తుంది. మనం ప్రశ్న వేయగానే కథ ఆగిపోయి విచారణ మొదలవుతుంది.

1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో డాక్టర్ల గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, పేషెంటు చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నారని తేలింది. మన ఓపీలో అది కూడా ఎక్కువే అంటారేమో. "మేడం, ఎనభై మంది లైన్లో ఉంటే అందరి రామాయణం వినాలా" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దానికీ జవాబు ఉంది. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ హాస్పిటల్లో 335 మంది కొత్త పేషెంట్లని అడ్డు చెప్పకుండా మాట్లాడనిచ్చి టైం కొలిచారు. సగటున 92 సెకన్లలో వాళ్ళంతట వాళ్ళే ముగించారు, నూటికి 78 మందికి 2 నిమిషాలు కూడా పట్టలేదు. రామాయణం చెప్పే వాళ్ళు ఉంటారు, కాదనను, కానీ తక్కువ మంది, వాళ్ళ దగ్గర మెల్లగా "ఒక్క నిమిషం పెద్దమ్మా, నొప్పి సంగతి ముందు చెప్పండి, కోడలి సంగతి తర్వాత విందాం" అంటే ఎవరూ ఏమనుకోరు.

ఈ రెండు నిమిషాల్లో మీరు చేయాల్సింది ఏంటంటే, పెన్ను కింద పెట్టడం, ఫోను బోర్లించడం, ముఖం చూడటం, ఊకొట్టడం. అంతే. ముఖం చూడమంటే గుచ్చి గుచ్చి చూడమని కాదు, పల్లెటూరి ఆడవాళ్ళు కొందరు మగ నర్సులు కళ్ళలోకి చూస్తే ఇబ్బంది పడతారు, అప్పుడు కాస్త పక్కకి చూస్తూ వినొచ్చు. మధ్యలో వాళ్ళు ఆగితే మీరు దూకొద్దు. మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట ఆ ఐదు అంకెల తర్వాతే వస్తుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి "ఇంకోటి సిస్టర్..." అంటారు చూడండి, ఆ ఇంకోటి కోసమే వాళ్ళు వచ్చి ఉంటారు, దాన్ని "మళ్ళీ రండి" అని కొట్టిపారేయకండి.

వాళ్ళ మాటలు వాళ్ళవి

"పానం మంచిగ లేదు", "దమ్ము వస్తాంది", "గుబులుగా ఉంది", "నరాలు లాగుతున్నాయి", "నిమ్ము చేసింది", "తెల్లబట్ట అవుతోంది", "నీళ్ళు పోసుకుంది". ఈ మాటల్ని మనం ఫైల్లోకి ఇంగ్లీషులో మార్చేసుకుంటాం, మార్చేటప్పుడే తప్పు జరుగుతుంది. నీరసం అంటే రక్తం తక్కువ కావచ్చు, రాత్రి నిద్ర లేకపోవడం కావచ్చు, బతుకు మీద ఆశ లేకపోవడం కూడా కావచ్చు. కాబట్టి "నీరసం అంటే ఎలా ఉంటుంది, పొద్దున లేవగానే ఎలా ఉంటుంది, ఏ పని చేయలేకపోతున్నారు" అని వాళ్ళ మాటనే పట్టుకుని అడగండి. గ్యాస్ అన్న మాట దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్త. మనవాళ్ళకి గుండె నొప్పి వచ్చినా గ్యాసే, ఛాతీ బరువెక్కి చెమటలు పడుతున్నా గ్యాసే, సోడా తాగి పడుకుంటారు. ఎవరైనా గ్యాస్ అంటే ఎక్కడ, చేతిలోకి గానీ దవడలోకి గానీ లాగుతోందా, చెమట పడుతోందా, నడిస్తే ఎక్కువవుతోందా అని అడిగి, అనుమానం ఉంటే మాటలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి.

మనం వాడే మాటలూ అంతే. "నెగటివ్ వచ్చింది" అంటే కొంతమందికి చెడ్డ వార్త, "పాజిటివ్" అంటే మంచి వార్త, ఆ మాటలు విని నవ్వుతూ బయటికెళ్ళిన వాళ్ళని నేను చూశా. జబ్బు లేదు, జబ్బు ఉంది అని తెలుగులో చెప్పేస్తే పోయేదానికి.

ఎందుకు అని అడగొద్దు

"మాత్రలు ఎందుకు వేసుకోలేదు?" అంటే అది ప్రశ్నలా వినపడదు, స్కూల్లో హోంవర్క్ ఎందుకు చేయలేదని అడిగినట్టే ఉంటుంది. వెంటనే "వేసుకుంటన్నా మేడం" అని అబద్ధం వస్తుంది, ఆ అబద్ధానికి కారణం మన గొంతే. అదే ప్రశ్న ఇలా అడిగి చూడండి, "రోజూ మాత్ర గుర్తు పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే, పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పి ఉంటుంది?" ఇప్పుడు తప్పిందని ఒప్పుకోవడానికి వాళ్ళకి సిగ్గు ఉండదు, మనకి నిజమైన లెక్క దొరుకుతుంది. గర్భిణులకి ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు కూడా అంతే, 180 రోజులు వేసుకోవాలని చెప్పి డబ్బా చేతిలో పెడితే సగం డబ్బా అటక మీదే ఉంటుంది. "వేసుకున్నాక కడుపులో ఎలా ఉంది, విరేచనం నల్లగా వచ్చిందా, ఇంట్లో అత్తమ్మ ఏమన్నారు" అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని ఎవరో చెప్పి ఉంటారు.

ఒక ఆటో డ్రైవర్, ఇన్సులిన్ కథ

ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మొత్తం పద్ధతి ఇందులోనే ఉంది. యాభై దాటిన ఆయన, షుగర్ బాగా ఎక్కువ, డాక్టర్ ఇన్సులిన్ రాశారు, ఆయన వద్దంటున్నాడు, నా దగ్గరికి పంపారు. పాత నేనైతే ఇన్సులిన్ వల్ల లాభాలు అని పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం ఇలా జరిగింది.

"ఇన్సులిన్ అనగానే మీకు ఏం గుర్తొచ్చిందన్నా?"

"ఏముంది మేడం, ఇగ అయిపోయినట్టే."

"అయిపోయినట్టే అంటే..."

కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"మా అన్నకు గిట్లనే సూది మొదలువెట్టిన్రు. ఆర్నెల్లల్ల కాలు తీసేసిన్రు."

"అంటే సూది వల్లే మీ అన్న కాలు పోయిందని, మీక్కూడా అలాగే అవుతుందేమోనని భయం."

"కాలు పోతే ఆటో ఎవరు నడుపుతరు మేడం?"

చూడండి, ఆయన భయం సూది నొప్పి గురించి కాదు, ఖర్చు గురించి కూడా కాదు. నేను ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఈ రెండింటి గురించే చెప్పేదాన్ని. ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే, అన్నకి పుండు పడి, షుగర్ ముదిరిపోయాక సూది ఇచ్చారా, ముందే ఇచ్చారా అని అడిగా. ఆయనే ఆలోచించి "పుండైనంకనే" అన్నాడు. అక్కడి నుంచి ఆయనే దారి పట్టుకున్నాడు, కాలు తీసింది సూది కాదు, సూది ఆలస్యమవడం అని ఆయన నోటితోనే వచ్చింది, ఆటో నడిపేవాడికి షుగర్ బాగా తగ్గిపోతే ఎలా తెలుస్తుంది, జేబులో గ్లూకోజ్ బిస్కెట్ పెట్టుకోవాలా అని ఎదురు ప్రశ్నలు కూడా వేశాడు.

అక్కడ నేను చేసిన పని చిన్నది. ఆయన చివరి మాట తిరిగి అన్నా, ఆగా, ఆయన భయాన్ని ఒక వాక్యంలో ఆయనకే అప్పజెప్పా. దీన్నే పుస్తకాల్లో రిఫ్లెక్షన్ అంటారు, కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్టు 1957లోనే చెప్పాడు, అవతలి మనిషిని వాళ్ళ కళ్ళతో అర్థం చేసుకోవడం, తీర్పు చెప్పకుండా ఉండటం, మనం లోపలొకటి బయటొకటి కాకుండా ఉండటం, ఈ మూడూ ఉంటేనే మాటలతో మనిషికి మేలు జరుగుతుందని. తప్పుగా అప్పజెప్పినా ఫర్వాలేదు, "అట్ల కాదు మేడం" అని వాళ్ళే సరిచేస్తారు. చిలకలా ప్రతి వాక్యం తిరిగి అనకండి, వాళ్ళకి వెటకారంలా ఉంటుంది, ట్రైనింగ్ అయి వచ్చిన కొత్తలో అందరూ ఇదే చేస్తారు.

ఇంకో మాట, "ఏం కాదులెండి", "ధైర్యంగా ఉండాలి", "మీకంటే కష్టాలున్నోళ్ళు లేరా" అనే మూడు డైలాగులు మానేయండి. మన మనసు మంచిదే, కానీ అవి వినగానే అవతలి వాళ్ళు నోరు మూసేస్తారు, ఇంక చెప్పుకోవడానికి ఏం మిగలదు కదా. "చాలా కష్టంగానే ఉండి ఉంటుంది" అని ఊరుకోండి, సరిపోతుంది.

మందు మానమని చెప్పడం

తాగొద్దని తాగేవాడికి తెలియదా. పెళ్ళాం చెప్పింది, తల్లి చెప్పింది, మనం చెప్పేది నాలుగోసారో నలభయ్యోసారో. మనం ఎంత గట్టిగా మానమంటే ఆయన అంత గట్టిగా మానలేని కారణాలు చెప్తాడు, ఒళ్ళు నొప్పులు, కూలి పని, దోస్తులు. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో ఈ చిక్కుముడి గురించే రాశాడు, మారాలన్న మాట మన నోటి నుంచి కాకుండా వాళ్ళ నోటి నుంచి రావాలని. దానికి నేను ఎక్కువగా వాడేది అంకెల ప్రశ్న. "మానాలని మీకెంత ఉంది, అసలు లేకపోతే సున్నా, పూర్తిగా ఉంటే పది, ఎంత వేస్తారు?" "మూడు" అంటారు చాలామంది. ఇప్పుడు "మూడేనా?" అనొద్దు. "సున్నా ఎందుకు వేయలేదు?" అనండి. "బిడ్డ పెండ్లికొచ్చింది మేడం", "పోయినసారి రక్తం కక్కుకున్న", ఇలాంటివి వాళ్ళే చెప్తారు, వాటిని పట్టుకోండి. తర్వాత అనుమతి అడగండి, "దీని గురించి నాకు తెలిసింది ఒకటి చెప్పొచ్చా?" అనుమతి అడిగి చెప్పిన సలహా లోపలికి వెళ్తుంది. కానీ రోజూ పొద్దున్నే తాగేవాళ్ళని ఇవాళ్టి నుంచి ఒక్కసారే ఆపేయమని చెప్పకండి, చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరుగుతాయి, డాక్టర్‌కి చూపించి మానిపించాలి.

కోడలు అడిగితే ఏం చెప్తారు?

"అర్థమైందా?" అని అడగడం దండగ, అందరూ అర్థమైందనే అంటారు. నేను వాడే వాక్యం ఇది, "ఇంటికెళ్ళాక మీ కోడలు అడుగుతుంది కదా సిస్టరమ్మ ఏం చెప్పిందని, ఏం చెప్తారు ఆవిడకి?" పరీక్ష పెట్టినట్టు ఉండదు, నవ్వుతూ చెప్తారు. ఎక్కడ తప్పిందో మీకు తెలుస్తుంది, తప్పితే "నేనే సరిగ్గా చెప్పలేదు పెద్దమ్మా" అని మళ్ళీ చెప్పండి. ఒకసారికి రెండు మూడు విషయాలకి మించి పెట్టకండి, ముఖ్యమైంది మొదట చెప్పండి, చివర్లో మళ్ళీ చెప్పండి. ఆ టీబీ పెద్దావిడ తర్వాత నేను ఎర్ర మూత్రం సంగతే మొట్టమొదట చెప్పడం మొదలుపెట్టా, "రేపటి నుంచి ఎర్రగా వస్తుంది, అది చూసి మందు లోపలికెళ్ళిందనుకోండి" అని.

చుట్టూ ఉన్న వాళ్ళు

మన దగ్గర పేషెంటు ఒక్కరే రారు. భార్యని అడిగితే భర్త చెప్తాడు, ముసలాయన్ని అడిగితే కొడుకు చెప్తాడు. కొడుకుని కసురుకోవద్దు, "మీరు చెప్పింది రాసుకున్నా బాబూ, ఇప్పుడు నాన్నగారి నోటితో కూడా ఒకసారి వింటా" అంటే చాలు. ఒంటి మీద దెబ్బలు కనపడిన ఆడమనిషిని భర్త పక్కనుండగా ఏమీ అడగొద్దు, బరువు చూడాలనో మూత్రం పరీక్షకనో పక్క గదిలోకి తీసుకెళ్ళి అప్పుడు అడగండి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ చెప్పండి, కానీ కాగితం మీద రాసి ఇవ్వకండి, అది ఇంట్లో దొరికితే ఇంకో గొడవ.

ఇంక "మా అమ్మకి క్యాన్సర్ అని చెప్పొద్దు మేడం" అనే వాళ్ళు. కొడుకు ప్రేమతోనే అంటాడు, అది గౌరవించాలి, అలాగని మనం అబద్ధం ఆడకూడదు. ముందు కొడుకునే "చెప్తే ఏమవుతుందని భయపడుతున్నారు?" అని అడగండి, వినండి. తర్వాత "నేనైతే ఆ మాట ఎత్తను, కానీ ఆవిడే నన్ను సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అని ముందే చెప్పేయండి. లోపలికెళ్ళి ఆవిడని "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?" అని అడగండి. నూటికి నూరు అనను గానీ చాలామంది తల్లులు "నాకు తెలుసులే, వాడికి తెలీనట్టు ఉంటున్నా" అంటారు. ఒకే గదిలో తల్లీ కొడుకూ ఒకరికోసం ఒకరు నటిస్తుంటారు.

చెడ్డ వార్త చెప్పడానికి 2000లో వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది, అంతా ఇక్కడ రాయను, ముఖ్యమైంది ఏంటంటే చోటు చూసుకో, వాళ్ళకి ఇప్పటికే ఎంత తెలుసో అడుగు, ఎంత తెలుసుకోవాలనుందో అడుగు, ఆ తర్వాతే చెప్పు. చెప్పే ముందు "రిపోర్టు మనం అనుకున్నంత బాగా రాలేదు" అని ఒక హెచ్చరిక మాట వేసి, ఒక్క వాక్యంలో విషయం చెప్పి, నోరు మూసుకోవాలి. ఏడిస్తే ఏడవనివ్వండి. ట్రీట్‌మెంట్ సంగతి ఆ ఏడుపు మీద పోయకండి, వినపడదు.

చచ్చిపోవాలని ఉందా అని అడగొచ్చా?

అడగాలి. అడిగితే ఆ ఆలోచన లేని వాళ్ళకి కొత్తగా పుడుతుందేమోనని చాలామంది భయపడతారు, అలా జరగదని పరిశోధనలు చెప్తున్నాయి, నేను చూసినంతలో కూడా అడగ్గానే ఊపిరి వదులుతారు, ఎవరో అడిగారని. "ఈ బాధలో ఒక్కోసారి బతకడం ఎందుకనిపిస్తుంది చాలామందికి, మీకు అలా అనిపించిందా?" అని మొదలుపెట్టి, ఉందంటే "ఎలా చేసుకోవాలనుకున్నారు, ఇంట్లో ఏమైనా దగ్గర పెట్టుకున్నారా?" దాకా వెళ్ళండి. మన ఊళ్ళలో పురుగుమందు డబ్బా గుమ్మం పక్కనే ఉంటుంది, కాబట్టి దాన్ని ఎవరికిచ్చి ఎక్కడ తాళం వేయించాలో అక్కడికక్కడే ఇంట్లో వాళ్ళతో మాట్లాడాలి. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే ఇవ్వకండి, "నీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి అవసరమైన వాళ్ళకి చెప్తా, నీకు చెప్పే చెప్తా" అనండి. ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫ్రీ నంబర్, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంకోటి, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115 సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు, కేసవుతుందని భయపడి హాస్పిటల్‌కి తీసుకురాని ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది చెప్పండి.

గుట్టు

ఒకచోట వరండాలో నిలబడి "హెచ్ఐవీ మందులోళ్ళు ఇటు రండి" అని అరవడం నా చెవులతో విన్నా. ఆ లైన్లోంచి ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడం చట్ట విరుద్ధం, కానీ చట్టం కంటే ముందు ఆ మనిషి ఇంక మళ్ళీ రాడు, అది పెద్ద నష్టం. ఆశాలకి ఇది ఇంకా కష్టం, వాళ్ళది ఆ ఊరే, బోరింగు దగ్గర అందరూ అడుగుతారు, "ఆమెకేంది, ఊకె పోతున్నవ్ వాళ్ళింటికి?" అని. "అందరిళ్ళకీ వెళ్తా అక్కా, నీ దగ్గరికీ వస్తా రేపు" అని నవ్వేయడం నేర్చుకోవాలి. "నాకు తెలీదు" అంటే తెలుసనే అర్థం చేసుకుంటారు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే మాత్రం ఈ గుట్టు పనికిరాదు, 2012 పోక్సో చట్టం కింద పోలీసులకి చెప్పి తీరాలి, ఆ సంగతి ఆ తల్లికి మొదట్లోనే చెప్పి మరీ వినండి, అంతా విన్నాక చెప్తే మోసపోయాననుకుంటుంది.

పేషెంటు వెంట వచ్చి అరిచే వాళ్ళు

క్యాజువాల్టీలో అరిచే మనిషికి ఎక్కువసార్లు కావాల్సింది కబురు. లోపల ఏం జరుగుతోందో తెలీక అరుస్తాడు. మనం కూడా గొంతు పెంచితే అయిపోయింది. గొంతు తగ్గించి, కాస్త దూరంగా, తలుపు మన వెనక ఉండేలా నిలబడి "మీ నాన్నగారి గురించి మీకు ఎవరూ ఏం చెప్పలేదు, అదేగా కోపం, నేను కనుక్కుని పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి, కొత్త కబురు ఏమీ లేకపోయినా సరే పది నిమిషాలకి నిజంగా రండి. తాగి ఉన్నా, చేతిలో ఏదైనా ఉన్నా ఈ చిట్కాలేం పనిచేయవు, సెక్యూరిటీని పిలవండి.

మీ సంగతి

రోజంతా వినేవాళ్ళకి సాయంత్రానికి లోపల ఏదో నిండిపోతుంది. ఇంటికెళ్ళి పిల్లల మీద విసుక్కుంటున్నారంటే అదే. తోటి సిస్టర్‌తో పేర్లు లేకుండా పది నిమిషాలు మాట్లాడండి, నేనైతే బస్సెక్కే ముందు చేతులు కడుక్కునేటప్పుడు ఇక్కడితో ఇవాళ్టి డ్యూటీ అయిపోయిందని గట్టిగా అనుకుంటా, పిచ్చిగా అనిపిస్తుంది గానీ నాకు పనిచేస్తుంది. ఎవరినైనా కసిరేస్తే, అందరం కసురుతాం, మర్నాడు వెళ్ళి "నిన్న అలా అనాల్సింది కాదు, ఏమనుకోకండి" అనండి. ప్రభుత్వ హాస్పిటల్లో ఒక నర్సు తనకి సారీ చెప్పిందని ఒకాయన వార్డంతా చెప్పుకున్నాడు.

ప్రాక్టీస్ మాత్రం వార్డులో కాదు, ఇంట్లో మొదలుపెట్టండి. మీ అమ్మో అత్తగారో మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తున్నప్పుడు మూడు నిమిషాలు సలహా ఇవ్వకుండా ఊకొట్టి చూడండి. మొదటిసారి నేను నలభై సెకన్లు కూడా ఆగలేక "ఆ నూనె రాసుకోమన్నా కదమ్మా" అనేశా, రెండోసారి నిమిషంన్నర ఆగా. మూడోసారి పూర్తిగా వింటే మా అమ్మ చివర్లో "ఏంటే, ఒంట్లో బాలేదా, ఏం మాట్లాడట్లేదు" అంది.